మాటు వేసిన పులి, వంగి ఉన్న మనిషి

అసద్, హైదర్, ఉసామా, అబ్బాస్, షేర్ అలీ... మన కుటుంబాలలో ఈ పేర్లు వినిపించని వీధి అరుదు. వీటన్నిటి వెనుక ఉన్నది సింహమే. అరబీ నిఘంటుకారులు ఆ ఒక్క మృగానికి వందలకొద్దీ పేర్లు సేకరించి పెట్టారు. హిజ్రీ 808లో, అనగా క్రీ.శ. 1405లో మరణించిన ఈజిప్టు పండితుడు కమాలుద్దీన్ దమీరీ జంతువులను గురించి అక్షరక్రమంలో రచించిన ‘హయాతుల్ హయవాన్’ అనే బృహద్గ్రంథాన్ని సింహంతోనే ఆరంభించారు. బిడ్డ ధైర్యవంతుడు కావాలన్న కోరికతోనే తండ్రులు ఈ పేర్లు ఎంచుకుంటారు.

అయితే క్రూరమృగాలను అడవిలో ఏళ్ల తరబడి పరిశీలించినవారి రచనలు చదివినప్పుడు మాకు కలిగిన అభిప్రాయం కొంత భిన్నమైనది. ఈ జంతువుల బ్రతుకు ధైర్యంపై కాక జాగ్రత్తపై నడుస్తుంది. పులి, చిరుత, మొసలి మొదలైన వాటిని శౌర్యానికి ప్రతీకలుగా తలచడం కవులకు తగును. వాటి ఇరుగుపొరుగున పొలం దున్నుకునేవారికి, మేకలు మేపుకునేవారికి ఆ తలపు పనికిరాదు. అవి ఎంత పిరికిగా, ఎంత లెక్కగా వేటాడతాయో తెలిస్తేనే వారి పిల్లలకు క్షేమం. ఈ వ్యాసం వ్రాయడానికి మమ్మల్ని పురికొల్పినది అదే.

మొదట పులి సంగతి చూద్దాం. పులి ఒంటరి జీవి. అది గాయపడితే ఆహారం తెచ్చిపెట్టే బంధువు ఎవరూ లేరు. కణితి కొమ్ము ప్రక్కటెముకలలో దిగినా, అడవిదున్న కాలితో తన్నినా, ముళ్లపంది ముల్లు పంజాలో విరిగినా ఆ తరువాత మిగిలేది ఆకలిచావే. అందుచేత అది ప్రతి వేటకు ముందు లాభనష్టాలు బేరీజు వేస్తుంది. ఒక పెద్ద పులి సంవత్సరానికి సుమారు 50 పెద్ద జంతువులను, అనగా వారానికి ఒకటి చొప్పున, చంపితే గాని బ్రతకలేదని కర్ణాటక అడవులలో దీర్ఘకాలం పరిశోధించిన శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ లెక్కగట్టారు. ఆ వారానికి ఒకటి దొరకడం కూడా సులభం కాదు. 1960వ దశకంలో మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవిలో పులులను పరిశీలించిన జార్జ్ షాలర్ కాలం నుండి నేటి వరకు పరిశోధకులు చెబుతున్నది ఒక్కటే: పులి ప్రయత్నాలలో అత్యధికం విఫలమవుతాయి. పదింటికి ఒకటి ఫలిస్తే అదే గొప్ప.

ఇంత బలమైన జంతువు ఇన్నిసార్లు ఎందుకు ఓడిపోతుంది? దూరం పరుగెత్తలేదు గనుక. రెండు వందల కిలోల శరీరాన్ని అది కొద్ది క్షణాలు మాత్రమే మెరుపు వేగంతో విసరగలదు. దుప్పి మొదటి యాభై గజాలు తప్పించుకుంటే ఆ పైన పులికి అందదు. కాబట్టి పులి వేట అంతా పరుగుకు ముందే జరుగుతుంది. పొద గుబురు నుండి గడ్డి దుబ్బుకు, గడ్డి దుబ్బు నుండి వాగు ఒడ్డుకు పొట్ట నేలకు ఆనించి జరుగుతుంది. దుప్పి తల ఎత్తితే రాయిలా బిగుసుకుపోతుంది, తల దించి మేత మొదలుపెడితే మరో అడుగు వేస్తుంది. పాదాల అడుగున మెత్తలు, లోపలికి ముడుచుకునే గోళ్లు ఉండడం వల్ల ఎండుటాకుల మీద కూడా దాని నడక వినిపించదు. పది, ఇరవై మీటర్ల దూరానికి చేరిన తరువాతనే, అదీ సాధారణంగా వెనుక నుండో ప్రక్క నుండో, దూకుతుంది. చిన్న జంతువైతే మెడ వెనుక కొరికి వెన్నెముకను తెంచుతుంది. పెద్ద జంతువైతే గొంతు పట్టుకుని, ఊపిరి ఆగేవరకు కొన్ని నిమిషాలపాటు విడువదు. గొంతు పట్టడంలో మరొక లాభం ఉన్నది: కొమ్ములకూ గిట్టలకూ అది దూరంగా ఉండగలదు. ఇక్కడ కూడా జాగ్రత్తే.

ఈ పనికి ఆధారం కోరపళ్లు. మదరసాలలో ఫిఖా చదివినవారికి ఈ సందర్భంలో ఒక పాఠం గుర్తుకు వస్తుంది. కోరపన్ను గల మృగాల మాంసం నిషిద్ధమన్న ఆదేశాన్ని వివరిస్తూ మన న్యాయవేత్తలు ఒంటెను ఉదాహరణగా చూపుతారు. ఒంటెకూ కోరపళ్లు ఉన్నాయి, కాని అది వాటితో వేటాడదు గనుక ఆ ఆదేశం దానికి వర్తించదు. పన్ను ఉండడం ప్రధానం కాదు, దానితో ఏమి చేస్తుందనేది ప్రధానం. జంతుశాస్త్రం కూడా మృగాన్ని గుర్తించేటప్పుడు ఇంచుమించు ఇదే ప్రశ్న వేస్తుంది.

పసుపు, ఎరుపు కలగలిసిన పులి చర్మం మన కంటికి దూరం నుండే కొట్టొచ్చినట్లు కనబడుతుంది. మరి దుప్పికి ఎందుకు కనబడదు? మన కన్ను చూసే రంగులన్నీ దుప్పి కన్ను చూడలేదు. ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య భేదం దానికి తెలియదు. మనకు నారింజరంగుగా కనిపించే పులి దానికి ఆకుల రంగులోనే కలిసిపోతుంది. నల్లని చారలు గడ్డి నీడలతో కలిసి శరీరపు ఆకారాన్నే చెరిపివేస్తాయి. పైగా పులి వేటాడేది ఎక్కువగా సంధ్యవేళ, రాత్రి, తెల్లవారుజామున. కంటి వెనుక అద్దం వంటి పొర ఒకటి లోపలికి వచ్చిన వెలుతురును మరల కంటిలోకే త్రిప్పుతుంది. అందువల్లనే రాత్రి టార్చిలైటు పడితే ఆ కళ్లు దీపాలలా మెరుస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. పులి తనకు కనబడిందని దుప్పి గ్రహిస్తే ఏమి చేస్తుంది? వెంటనే పారిపోతుందని మనం అనుకుంటాము. తరచుగా జరిగేది అది కాదు. దుప్పి తోక పైకెత్తి, ముందుకాలితో నేలను తాటించి, పులివైపే చూస్తూ కేక వేస్తుంది. చెట్టుపై కొండముచ్చు అందుకుంటుంది, నెమలి అందుకుంటుంది. అడవి అంతా ‘చూశాము, నిన్ను చూశాము’ అన్నట్లు ధ్వనిస్తుంది. పులి లేచి, ఏమీ ఎరుగనట్లు, తన దారిన తాను పోతుంది. కనబడిపోయిన తరువాత దూకడం శక్తిని వృథా చేసుకోవడమేనని దానికి తెలుసు. పులి చేతిలో మరణించిన మనుషుల వార్తలను చదివేటప్పుడు మేము మొదట వెదికేది ఈ ఒక్క సంగతినే: ఆ మనిషి పులిని చూశాడా?

దాదాపు ఎన్నడూ చూసి ఉండడు. నిటారుగా రెండు కాళ్లపై నడిచే జీవి పులి ఆహారపు లెక్కలో లేదు. మనుషుల అలికిడి వినగానే తప్పుకోవడమే దాని స్వభావం. నల్లమలలో చెంచులు తరతరాలుగా పులుల నడుమ నివసిస్తున్నారు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం వారి ఇంటి పెరడే. కాని మనిషి వంగినప్పుడు, కూర్చున్నప్పుడు ఆకారం మారిపోతుంది. ఎత్తు తగ్గుతుంది, ముఖం నేలవైపు తిరుగుతుంది, వీపు మాత్రమే పైకి కనబడుతుంది. పొద చాటు నుండి చూసే కంటికి అది నాలుగు కాళ్ల జంతువే.

తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో జరిగిన దుర్ఘటనలను ఈ వెలుగులో చూడవలసి ఉన్నది. మహారాష్ట్రలోని తడోబా అడవులలో పులులు పెరిగి, చోటు చాలక, యువ పులులు కొత్త స్థావరాల కోసం ప్రాణహితను దాటి కాగజ్‌నగర్ ప్రాంతానికి వస్తున్నాయి. 2020 నవంబరు నెలలో ఆ జిల్లాలో ఇద్దరు ఆదివాసులు, ఇద్దరూ యౌవనంలో ఉన్నవారే, పులి బారిన పడి మరణించారు. రెండవ ఆమె ప్రాణం విడిచింది పత్తిచేనులో. నాలుగేళ్ల తరువాత, 2024 నవంబరులో, కాగజ్‌నగర్ మండలంలో మరొక యువతి. ఆమె కూడా పత్తి ఏరుతూనే పులి వాతబడింది.

ఈ నవంబరు యాదృచ్ఛికం కాదు. నవంబరులో పత్తిచేను మనిషి నడుమును దాటి, కొన్నిచోట్ల ఛాతీ ఎత్తున ఉంటుంది. అడవి అంచున ఆ చేను పులి దృష్టిలో పొలం కాదు, మరో పొదల వనం. అడవిపందులు అందులో చేరతాయి, వాటి వెనుక పులి చేరుతుంది. ఉదయం మంచు విడవకముందే కూలీలు వరుసలలో దిగుతారు. క్రింది కొమ్మల కాయల కోసం వంగుతారు. ఏరడంలో ముందువెనుకలై ఒకరికొకరు దూరమవుతారు. పులి వేటకు ఏమేమి కావాలో అన్నీ అక్కడ అమరి ఉంటాయి: మాటు, మసక వెలుతురు, ఒంటరితనం, అటు తిరిగిన వీపు.

మా విద్యార్థులలో ఆ జిల్లా పిల్లలు కొందరు ఉన్నారు. సెలవులకు వెళ్లినప్పుడు తల్లులతో కలిసి వారూ చేనులోకి దిగుతారు. దినకూలీ వదులుకోమని వారికి చెప్పడం మాకు సాధ్యం కాదు, అది న్యాయమూ కాదు. అందుకే ఎలా దిగాలో చెప్పడం అవసరమనుకున్నాము.

వంగాళం తీరాన సుందరవనాలలో ఈ సమస్య మనకంటె చాలా పాతది. అక్కడ తేనె సేకరించేవారు, చేపలు పట్టేవారు, కట్టెలు కొట్టేవారు మడ అడవులలోకి వెళ్లక తప్పదు. వారిలో ముస్లిములూ హిందువులూ ఇరువురూ ఉన్నారు, పులి వల్ల వితంతువులైన స్త్రీలు ఇరు వర్గాలలోనూ ఉన్నారు. 1980వ దశకంలో పశ్చిమ బెంగాల్ అటవీ శాఖ అక్కడ ఒక వింత ప్రయోగం చేసింది. మనిషి ముఖం గీసిన రబ్బరు ముసుగులు పంచి, వాటిని ముఖానికి కాక తల వెనుకకు తగిలించుకోమన్నది. పులి వెనుక నుండే వస్తుంది గదా, వెనుక కూడా ఒక ముఖం కనబడితే ‘నన్ను చూస్తున్నారు’ అని భ్రమపడుతుందన్నది ఆలోచన. మొదటి కొన్నేళ్లు ముసుగు ధరించినవారిపై దాడులు జరగలేదు. పులులు వారిని వెంబడించడం చూశారు గాని, అవి దూకలేదు. 2024లో కాగజ్‌నగర్ దుర్ఘటన తరువాత మన పత్తి రైతులకూ, కూలీలకూ అధికారులు ఇటువంటి ముసుగులే పంచారు. పట్టణాలలో కొందరు ఆ చిత్రాలు చూసి నవ్వుకున్నారు. నవ్వవలసిన విషయం అందులో ఏమీ లేదు. దుప్పి కాలు తాటించి చెప్పే మాటనే ఆ రబ్బరు ముఖం చెబుతున్నది.

చిరుతపులి వేరే రకం. బరువులో అది పులిలో మూడవ వంతు కూడా ఉండదు. అందుచేత దాని ఆహారపు జాబితా పొడవైనది: కుందేలు, కోతి, మేకపిల్ల, కోడి, అన్నిటికీ మించి కుక్క. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో, అడవి అన్నదే లేని చెరకు తోటల నడుమ నివసించే చిరుతల ఆహారాన్ని విద్యా ఆత్రేయ మొదలైన పరిశోధకులు పరీక్షించారు. అందులో 87 శాతం పెంపుడు జంతువులే, కుక్కలే 39 శాతం. అనగా మన ఊరి చివర చెత్తకుప్ప పెరిగితే కుక్కలు పెరుగుతాయి, కుక్కలు పెరిగితే చిరుత వస్తుంది. కసాయి దుకాణాల వ్యర్థాలనూ, ఖుర్బానీ రోజులలో మిగిలిన వాటినీ ఊరి వెలుపల బహిరంగంగా పారవేసే మన మొహల్లాలు ఈ మాటను కొంచెం ఆలకించాలి. లోతుగా పూడ్చడం పరిశుభ్రతకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

చిరుత ఎత్తును చూసి లెక్క వేస్తుంది. ఎదిగిన మనిషి జోలికి అది సాధారణంగా రాదు. చిన్నపిల్లలు మాత్రం ఎత్తులో మేకకు సమానం. 2023లో తిరుమల నడకదారిలో జరిగిన విషాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. జూన్‌లో మూడేళ్ల బాలుణ్ణి చిరుత పట్టుకుని, జనం కేకలకు విడిచిపెట్టింది. ఆగస్టులో ఆరేళ్ల పాప, పెద్దలకు కొద్ది ఎడంగా నడుస్తూ, దాని వాతబడి మరణించింది. ఆ తరువాత అక్కడ మధ్యాహ్నం రెండు గంటలు దాటితే పిల్లలను నడకదారిలో అనుమతించలేదు, యాత్రికుల చేతికి కర్రలు ఇచ్చారు. కర్ర చిరుతను కొట్టడానికి కాదని మేము అర్థం చేసుకున్నాము. కర్ర పట్టినవాడు నిటారుగా నడుస్తాడు, చప్పుడు చేస్తాడు, గుంపులో ఉంటాడు. ఆ మూడే రక్షణ.

చిరుత కనబడగానే ఊరంతా ఒకే కోరిక కోరుతుంది: బోను పెట్టి పట్టండి, ఎక్కడైనా దూరంగా విడిచిపెట్టండి. ఈ కోరిక సహజమే గాని దాని ఫలితం మహారాష్ట్రలోని జున్నర్‌లో తేలింది. అక్కడ 1993 నుండి 2001 వరకు సంవత్సరానికి సగటున నాలుగు దాడులు జరిగేవి. 2001 నుండి చిరుతలను పెద్దఎత్తున పట్టి వేరే చోట్ల విడిచిపెట్టడం మొదలైన తరువాత ఆ సంఖ్య సంవత్సరానికి 17కు పెరిగింది. ప్రాణాంతకమైన దాడుల పాలు కూడా రెట్టింపయింది. కారణం ఊహించడం కష్టం కాదు. తన వాగు, తన గుట్ట, తన దారులు తెలిసిన చిరుత మనుషులకు ఎప్పుడు తప్పుకోవాలో ఎరిగి ఉంటుంది. తెలియని నేలపై దించిన చిరుత బెదిరి ఉంటుంది, ఆకలితో ఉంటుంది. మనుషులను చంపడం అలవాటు చేసుకున్న మృగాన్ని బంధించడం వేరు. తన దారిన పోయే మృగాన్ని పట్టి ప్రక్క జిల్లా మీదికి తోలడం వేరు. రెండవది పొరుగువాని ఇంటికి నిప్పు పంపడమే.

మృగం నరభక్షకి ఎందుకు అవుతుంది? కుమావూ కొండలలో, నేపాల్‌లో 436 మందిని చంపిందని చెప్పే చంపావత్ ఆడపులిని జిమ్ కార్బెట్ 1907లో కాల్చినప్పుడు దాని కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బ. సహజమైన వేట అసాధ్యమై, అది గడ్డికీ ఆకులకూ పుల్లలకూ వెళ్లిన స్త్రీలపై పడింది. అక్కడ కూడా వంగినవారే. 1898లో తూర్పు ఆఫ్రికాలోని సావో నది వంతెన దగ్గర రెండు సింహాలు రైల్వే కూలీలను నెలల తరబడి డేరాల నుండి లాగుకుపోయాయి. ఆ కూలీలలో అవిభక్త భారతదేశం నుండి ఓడలలో వెళ్లిన పేదలు ఎందరో ఉన్నారు. ప్రస్తుతం షికాగో మ్యూజియంలో ఉన్న ఆ సింహాలలో ఒకదాని కోరపన్ను విరిగి, దవడ చీముపట్టి ఉండెనని ఎముకలు చెబుతున్నాయి. వాటిని చంపిన పాటర్‌సన్ మృతుల సంఖ్య 135 అని వ్రాశాడు. 2009లో వాటి వెంట్రుకలనూ ఎముకలనూ రసాయనికంగా పరీక్షించినవారు అవి తిన్నది సుమారు 35 మందినని అంచనా వేశారు. 35 కుటుంబాలు తక్కువేమీ కాదు గాని, భయం సంఖ్యలను ఎలా పెంచుతుందో కూడా గమనించవచ్చు.

చూడడానికి అతి క్రూరంగా వేటాడేవి మనిషికి అతి ప్రమాదకరమైనవి కావు. రేచుకుక్కలను తీసుకోండి. అవి గుంపుగా తరిమి, దుప్పి ప్రాణం పోకముందే తినడం ఆరంభిస్తాయి. ఆ దృశ్యం చూడలేము. అయినా అవి మనిషిని చూస్తే ఈలలు వేసుకుంటూ తొలగిపోతాయి. దీనికి భిన్నం మొసలి. గంటల తరబడి దుంగలా పడి ఉంటుంది, కళ్లు, ముక్కు మాత్రమే నీటిపైన. ఒకే రేవుకు ఒకే వేళకు వచ్చే జీవిని అది గుర్తుపెట్టుకుంటుంది. పట్టిన తరువాత నీటిలో గిర్రున దొర్లి ముక్కలు చేస్తుంది. మొసళ్లు ఉన్న జలాశయాల దగ్గర బట్టలు ఉతికేవారు, గేదెలను కడిగేవారు రేవునూ వేళనూ మారుస్తూ ఉండడం మంచిది. అంచున వంగి కూర్చోవడం కంటె బిందెతో నీరు తెచ్చుకుని దూరంగా ఉతుక్కోవడం ఇంకా మంచిది.

అడవి అంచున ఉండే పాఠకుల కోసం మరికొన్ని మాటలు. చేనులోకి గుంపుగా, పొద్దెక్కిన తరువాత దిగండి. దిగేముందు డప్పు గాని పళ్లెం గాని మోగించండి. పులికి తప్పుకోవడానికి దారీ వ్యవధీ ఇవ్వండి. పత్తి ఏరేవారి వెనుక ఒకరు నిలబడి చూస్తూ ఉండాలి. ఆ మనిషి కూలీ అందరూ పంచుకుంటే భారం కాదు. మృగం ఎదురైతే పరుగెత్తవద్దు. పరుగెత్తేది ఆహారమని దాని నమ్మకం. నిటారుగా నిలిచి, ముఖం దానివైపే ఉంచి, పిల్లలను ఎత్తుకుని, మెల్లగా వెనుకకు జరగాలి. మేకల దొడ్డికి పైకప్పు ఉండాలి, చిరుతకు గోడ అడ్డు కాదు.

పశువును పులి చంపితే కళేబరం దగ్గరకు పోవద్దు. అది మూడు, నాలుగు రోజులు అక్కడికే తిరిగి వస్తుంది. అటవీ శాఖకు తెలియజేస్తే పరిహారం లభిస్తుంది. కోపంతో ఆ మాంసంలో విషం కలిపేవారు ఉన్నారు, 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషప్రయోగానికి పులి బలైన ఉదంతం బయటపడింది. నోరులేని ప్రాణిని అలా చంపడం పాపమన్నది ఒక మాట. ఆ విషం అక్కడితో ఆగదన్నది మరొక మాట. నక్కలు, గద్దలు, ఊరి కుక్కలు అదే మాంసం తింటాయి. సగం విషంతో బ్రతికి బయటపడిన పులి ఇక దుప్పిని పట్టలేదు.

పత్తి రెండవ, మూడవ ఏరుడు జనవరి దాటే వరకు సాగుతుంది. ఆ తరువాత కట్టె పీకివేస్తే చేలు బయలవుతాయి, పులి వాగు గుబుర్లలోకి మరలుతుంది. మార్చిలో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే స్త్రీలు బుట్టలతో చెట్ల క్రిందికి వెళ్లి వంగి ఏరుకుంటారు. ఆ పువ్వు కోసం ఎలుగుబంటి కూడా అదే వేళకు వస్తుంది. ఎండలు ముదిరితే తునికాకు కోతకు మళ్లీ అడవిలోకే.